యూనిట్ టెస్టుల పుట్టుపూర్వోత్తరములు

1949వ సంవత్సరము మే నెల 6వ తేదీన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు గణిత ప్రయోగశాలలో ఎడ్సాక్ అను గణనయంత్రము మొట్టమొదటిసారిగా 0 మొదలు 99 వరకు గల సంఖ్యల వర్గములను లెక్కించి పట్టికగా అచ్చువేసి చూపినప్పుడు, దాని నిర్మాతయగు మారిస్ విల్క్స్‌కును ఆయన సహచరులకును కలిగిన ఆనందము ఇంతింత యనరానిది. కాని ఆ ఆనందము చల్లారకమునుపే విల్క్స్ వేరొక సత్యమును కనుగొనవలసివచ్చెను. ఏరీ సమీకరణమని గణితజ్ఞులు పిలుచు ఒక అవకల సమీకరణమునకు విలువలు కట్టుటకై ఆయన స్వయముగా వ్రాసిన ప్రోగ్రాము 126 పంక్తులకు మించినది కాదు; అయినను అందు దాదాపు ఇరువది తప్పులు దొరలియుండెనని, ఆ టేపు దశాబ్దముల పిమ్మట మరల బయటపడినప్పుడు చరిత్రకారులు లెక్క తేల్చిరి. యంత్రమున్న గదికిని టేపులకు రంధ్రములు పొడుచు పరికరములున్న చోటికిని నడుమ మెట్లెక్కుచు దిగుచున్న సమయమున, తన శేషజీవితములో చాలభాగము తన ప్రోగ్రాములలోని తప్పులను తానే వెదకుకొనుటకు చెల్లిపోవునని తటాలున స్ఫురించినట్లు విల్క్స్ తన స్మృతిగ్రంథమున వ్రాసికొనెను. ప్రోగ్రాములకు పరీక్షలు వ్రాయు విద్యకు చరిత్ర చెప్పబూనినవారు ఆ మెట్లకడనే మొదలిడవలెనని నా నమ్మకము.

అదే సంవత్సరము జూన్ 24వ తేదీన, అదే కేంబ్రిడ్జిలో జరిగిన సభలో, ఆలన్ ట్యూరింగ్ పెద్ద ప్రోగ్రాములను సరిచూచు విధమును గూర్చి ఒక చిన్న వ్యాసము చదివెను. పెద్ద సంఖ్యలను కొన్నిటిని ఒకదానిక్రింద ఒకటి వేసి కూడి, తుదిమొత్తమును మాత్రమే చూపినచో, సరిచూచువాడు లెక్కనంతయు మొదటినుండి మరల చేయవలసినదే. అట్లుగాక ఒక స్థానమునుండి మరియొక స్థానమునకు ఎక్కిన అంకెలను గూడ, మన బడిపిల్లలు పైన చిన్నవిగా వేసికొనునట్లు, వ్రాసి చూపినచో, ఒక్కొక్క నిలువు వరుసను విడివిడిగా, కావలసినచో వేరువేరు మనుష్యులచేత, సరిచూపించుకొనవచ్చును. ప్రోగ్రాము వ్రాయువాడును అట్లే నడుమనడుమ, ఈ చోటికి వచ్చునప్పటికి ఈ విషయము నిజమైయుండవలెనని నిశ్చితవాక్యములను నిలుపవలెననియు, వానిలో ఒక్కొక్కటి నిలిచినచో మొత్తము నిలుచుననియు ఆయన ప్రతిపాదించెను. యంత్రములే పట్టుమని పదియైన లేని ఆ కాలమున అంత దూరము చూచిన ఆ బుద్ధికి నమస్కరింపకుండ ముందుకు సాగజాలను.

హైదరాబాదు అమీర్‌పేట శిక్షణాలయముల మూలమున టెస్టింగు అను మాట తెలుగునాట చాల ఇండ్లలో వినబడుచునే యున్నది. అచ్చట పెక్కుమంది నేర్చునది పూర్తియైన సాఫ్ట్‌వేరును వెలుపలినుండి, వినియోగదారుని స్థానమున నిలిచి, పరీక్షించు వృత్తి. అది గౌరవనీయమైన వృత్తియే. నేను చెప్పబోవునది దానికంటె లోపలి విషయము: ఒక ఫంక్షనును వ్రాసినవాడు, ఆ ఒక్క ఫంక్షనును మిగిలిన ప్రోగ్రామునుండి వేరుచేసి, దానికి తెలిసిన విలువల నిచ్చి, తెలిసిన ఫలితము వచ్చినదా లేదా అని యంత్రముచేతనే మాటిమాటికి తేల్పించు పద్ధతి. దీనినే యూనిట్ టెస్టు అందురు.

ఇంత తేటగా కనబడు పని అలవాటుగా వేళ్లూనుటకు ఏల నలువది యేండ్లకు పైగా పట్టినది? ప్రోగ్రామర్ల సోమరితనమని చాలమంది చెప్పుదురు. నేను ఆ మాట నొప్పుకొనను. కారణము యంత్రభాషలోనికి తర్జుమా యగు ప్రోగ్రాముల స్వభావమునందే కలదు. 1957లో జాన్ బాకస్ బృందము ఐ.బి.ఎం. 704 యంత్రమునకై ఫోర్ట్రాన్ కంపైలరును వెలువరించినది మొదలు, మనుష్యుడు చదువు పాఠము వేరు, యంత్రము నడపు సంకేతావళి వేరు అయినవి. కంపైలరు ఒక్కొక్క ఫైలును యంత్రసంకేతములుగా మార్చును. లింకరు వానినన్నిటిని కూర్చి ఒక్క ప్రోగ్రాముగా బిగించును. బిగించిన పిమ్మట అందు ఫంక్షనుల పేర్లకు సాధారణముగా పనిలేదు. తనలో ఏయే ఫంక్షనులు కలవో, వానిలో పరీక్షలేవియో, నడచుచున్న ప్రోగ్రాము తన్ను తాను ప్రశ్నించుకొనజాలదు. కావున ఒక ఫంక్షనును పరీక్షింపవలెనన్నచో, దానిని పిలుచుటకు వేరొక ప్రోగ్రామును వ్రాసి, దానికొక ప్రారంభస్థానము కల్పించి, కంపైలు చేసి, లింకు చేసి, నడపి, వచ్చిన ఫలితమును కంటితో చూచుకొనవలెను. అట్టి ప్రోగ్రామును డ్రైవరనిరి. గ్లెన్‌ఫర్డ్ మయర్స్ 1979లో ప్రచురించిన సాఫ్ట్‌వేరు పరీక్షా గ్రంథమున ఈ డ్రైవర్లకును, ఇంకను వ్రాయని భాగములకు బదులు నిలుపు స్టబ్బులకును తగిన చోటిచ్చెను. తప్పు పట్టవలెనను సంకల్పముతోనే ప్రోగ్రామును నడపవలెనుగాని, అది బాగుగా నున్నదని నిరూపించు సంకల్పముతో కాదని బోధించెను. బోధ ఉత్తమమైనదే. కాని పనియైన పిమ్మట డ్రైవరును ఎవరును దాచుకొనలేదు. ఒక మధ్యాహ్నమంతయు శ్రమించి వ్రాసిన పరీక్ష ఆ సాయంకాలమునకు చెరిపివేయబడెడిది. ఆరు నెలల పిమ్మట అదే ఫంక్షనును దిద్దువానికి దానివలన ఇసుమంతయు సాయము లేదు. అట్లు పారవేయబడిన పరీక్షలే ఈ వృత్తిచరిత్రలో నాకు కనబడు మిక్కిలి పెద్ద నష్టము.

సి భాషలో అసర్ట్ అను మాక్రో ఉండెను. ఇచ్చిన షరతు అబద్ధమైనచో ఆ షరతును, ఫైలు పేరును, పంక్తి సంఖ్యను చూపి ప్రోగ్రామును అక్కడికక్కడ నిలిపివేయుట దాని పని. ట్యూరింగ్ కోరిన నిశ్చితవాక్యమునకు ఇది యోగ్యమైన రూపమే యైనను, మొదటి తప్పుకడనే అంతయు ఆగిపోవుటచేత, నూరు పరీక్షలలో ఎన్ని నెగ్గినవో ఎన్ని ఓడినవో తెలియజేయు శక్తి దానికి లేదు. 1987 డిసెంబరులో లారీ వాల్ విడుదల చేసిన మొదటి పెర్ల్ వేరొక దారి చూపెను. సి భాషలో వ్రాసిన ఆ ప్రోగ్రాముతోపాటే ఒక సంచయములో పరీక్షలు గూడ వచ్చెను. ప్రతి పరీక్షయు తాను నెగ్గినదనియో ఓడినదనియో వరుససంఖ్యతో ఒక్కొక్క పంక్తి పలుకును. ఆ పంక్తులను చదివి లెక్క తేల్చుటకు ఒక చిన్న ప్రోగ్రాము. ప్రోగ్రామును తెచ్చుకొన్నవాడు తన యంత్రముమీద దానిని కట్టి, తానే పరీక్షించుకొని, తృప్తిపడి స్థాపించుకొనును. పరీక్షలు పారవేయదగినవి కావు, ప్రోగ్రాముతోపాటు ఊరూరికి పోవలసినవి అను భావము ఇట్లు బలపడసాగెను.

ఆ భావము లేనిచోట ఏమగునో లోకమంతయు చూచినది. 1996 జూన్ 4వ తేదీన ఫ్రెంచి గయానాలోని కూరూనుండి లేచిన మొదటి ఏరియాన్ 5 రాకెట్టు నలువది సెకండ్లు నిండకమునుపే దారితప్పి ఆకాశముననే ధ్వంసమయ్యెను. ఏడా భాషలో వ్రాసి, ఏరియాన్ 4 రాకెట్టులో లోపములేక పనిచేసిన ఒక భాగమును అట్లే తెచ్చి వాడుకొనిరి. అందు 64 బిట్ల దశాంశసంఖ్య నొకదానిని 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చుచోట, క్రొత్త రాకెట్టుయొక్క అధికవేగమువలన పుట్టిన విలువ పట్టక పొరలెను. ఏరియాన్ 5 నడచు మార్గపు విలువలతో ఆ భాగమును ముందుగా పరీక్షింపలేదని విచారణసంఘము తేల్చెను. పాత ఇంటిలో నెగ్గినది క్రొత్త ఇంటిలోను నెగ్గునని నమ్ముట సహజమే. ఆ నమ్మకమును నేలమీదనే, కొన్ని సంఖ్యల నిచ్చి, ప్రశ్నింపగల సాధనము చేతనున్నను దానిని వాడకుండుట మాత్రము క్షమింపరానిది.

ఆ కాలమునకే అమెరికాలో కెంట్ బెక్ అను ప్రోగ్రామరు స్మాల్‌టాక్ భాషలో పరీక్షలు నడపుటకు ఒక చిన్న కట్టడమును, అనగా ఫ్రేమ్‌వర్కును, నిర్మించియుండెను. ఇన్‌పుట్ టేపును తీసికొని, రావలసిన అవుట్‌పుట్ టేపును ముందుగా చేతితో తయారుచేసికొని, రెండును సరిపోలు వరకు ప్రోగ్రామును దిద్దుచుండవలెనని ఒక పాతకాలపు పుస్తకమున తాను చదివితినని, పరీక్షను ముందు వ్రాయు పద్ధతి తాను కనిపెట్టినది కాదు, మరల కనుగొన్నది మాత్రమేనని ఆయన వినయముగా చెప్పుకొనెను. 1994లో స్మాల్‌టాక్ రిపోర్ట్ అను పత్రికలో ఆయన వివరించిన ఎస్‌యూనిట్‌లో తరువాత వచ్చినవాటి కన్నిటికిని మూలరూపమున్నది: పరీక్షకు ముందు రంగము సిద్ధపరచుట, పరీక్ష నడపుట, పిమ్మట రంగమును తుడిచివేయుట, ఒక పరీక్ష ఓడినను మిగిలినవి ఆగకపోవుట, తుదిని లెక్క చెప్పుట. 1997లో ఊప్స్లా అను ప్రోగ్రామింగు మహాసభకై జ్యూరిచ్‌నుండి అట్లాంటాకు విమానములో పోవుచు, బెక్, ఎరిక్ గామా అను మరియొక ప్రోగ్రామరు ఇరువురును ఒక్క కంప్యూటరు ముందు కూర్చుండి దీనినే జావాలో వ్రాసిరి. అది జేయూనిట్. ఒక క్లాసులో ఏయే పద్ధతులు కలవో జావా ప్రోగ్రాము నడచుచునే తెలిసికొనగలదు గాన, టెస్ట్ అను అక్షరములతో పేరు మొదలగు ప్రతి పద్ధతిని జేయూనిట్ తానే వెదకి పట్టుకొనెడిది. అన్నియు నెగ్గినచో పచ్చని పట్టీ, ఒక్కటి ఓడినను ఎర్రని పట్టీ. కొలది సంవత్సరములలో ఆ పచ్చదనమునకు జావా లోకమంతయు అలవాటుపడెను.

సి ప్లస్ ప్లస్ లోకమునకు మాత్రము ఈ సౌఖ్యము సులభముగా రాలేదు. మైకేల్ ఫెదర్స్ అను ప్రోగ్రామరు జేయూనిట్‌ను ఆ భాషలోనికి దించి సీపీపీయూనిట్ చేసెను. చేయగానే భాషయొక్క మౌనము ఎదురైనది. ప్రోగ్రాము తన పరీక్షలను తాను వెదకుకొనజాలదు గాన, పరీక్ష పేరును హెడరు ఫైలులో ఒకమారు ప్రకటించి, వేరొకచోట దానిని నిర్వచించి, మూడవమారు పట్టికలో చేర్చవలెను. మూడవదానిని మరచినచో ఆ పరీక్ష నడవదు. నడవలేదని ఎవరును చెప్పరు. ఇంత భారము వలదని ఫెదర్స్ తానే మరల కొలది పంక్తులలో సీపీపీయూనిట్‌లైట్ అను దానిని వ్రాసెను. చేసినదానిని తానే విమర్శించుకొని తేలికచేసిన ఆ పనివానియందు నాకు మిక్కిలి గౌరవము కలదు. 2004లో ఆయన ప్రచురించిన గ్రంథమున, పరీక్షలు లేని ప్రోగ్రామే పాతబడిన ప్రోగ్రామని చేసిన నిర్వచనము ఈనాటికిని వృత్తిలోనివారి నోళ్లలో నానుచున్నది. ఆ సంవత్సరమే వీడియో ఆటల నిర్మాతయగు నోయెల్ ల్యోపిస్ సి ప్లస్ ప్లస్‌లో అప్పటికి పుట్టియున్న ఫ్రేమ్‌వర్కులనన్నిటిని వరుసగా పరీక్షించి ఒక దీర్ఘవ్యాసము వ్రాసెను. క్రొత్త పరీక్షనొకదానిని చేర్చుటకు ఎంత తక్కువ వ్రాయవలెనన్నదే ఆయన మొట్టమొదట చూచిన గుణము. ఆ గీటురాయి సరియైనదే. పరీక్ష వ్రాయుటకు పట్టు శ్రమ తగ్గినకొలదియే అలవాటు పెరిగినది. ఈ చరిత్రలో ఉపదేశములు చేయలేని పనిని మాక్రోలు చేసినవి.

ఆ మాక్రోల పనితనమును ఒకమారు దగ్గరనుండి చూడవలెను. ఒక సంవత్సరము లీపు సంవత్సరమగునో కాదో తేల్చు ఫంక్షనున్నదనుకొందము. 2024 లీపు సంవత్సరము, 1900 కాదు, 2000 అగును. ఈ మూడు సంగతులను ఒక పరీక్షగా వ్రాసి, పైన టెస్ట్ అను మాక్రోతో పేరు పెట్టుదుము. కంపైలరునకు ముందే నడచు ప్రీప్రాసెసరు ఆ ఒక్క పంక్తిని విప్పి ఒక క్లాసుగాను, దానితోపాటు ఫైలంతటికిని చెందిన ఒక స్థిరవస్తువుగాను మార్చును. అట్టి వస్తువులు ప్రోగ్రాముయొక్క ప్రధాన ఫంక్షను మొదలగుటకు ముందే నిర్మాణమగుట సి ప్లస్ ప్లస్ ఆచారము. నిర్మాణసమయమున ఆ వస్తువు చేయు పని ఒక్కటే: తన పరీక్షను ఒక ఉమ్మడి పట్టికలో చేర్చుట. కావున ప్రధాన ఫంక్షను కన్ను తెరచునప్పటికి పట్టిక నిండియుండును; అది దానిని మొదలంట చదివి ఒక్కొక్క పరీక్షను నడపును. తన్ను తాను ఎరుగలేని భాషలో, ఎరుకను ఇట్లు ఉపాయముచేత కల్పించిరి.

ఈ ఉపాయమునకు ఒక ఉచ్చు గూడ కలదు. పరీక్షలనన్నిటిని ఒక స్టాటిక్ లైబ్రరీగా కట్టి, దానిని పరీక్షాప్రోగ్రామునకు లింకు చేసినచో, ఎవరును పేరుపెట్టి పిలువని ఫైలును లింకరు అనవసరమని తలచి విడిచిపెట్టును. పరీక్షల స్థిరవస్తువులను ఎవరును పేరుపెట్టి పిలువరు గదా! ఫలితముగా పట్టిక ఖాళీగా మిగులును. నడపినచో సున్న పరీక్షలు, సున్న తప్పులు, విజయము అని కనబడును. అనుభవము గల ప్రోగ్రామర్లు నెగ్గిన పరీక్షల సంఖ్యను గూడ చూచుట దీనివలననే. కొన్ని ఫ్రేమ్‌వర్కులు పరీక్షలే లేనిచో దానినే తప్పుగా ప్రకటించు ఏర్పాటును తరువాత చేర్చినవి.

సి భాషలో ఈ స్థిరవస్తువుల సౌకర్యము సైతము లేదు. అందు వేరొక భయము కలదు: పాయింటరు తప్పి, తనది కాని స్మృతిస్థానమును తాకినచో ప్రోగ్రాము అంతయు ఒక్కసారిగా కూలును, దానితో లెక్క చెప్పవలసిన ఫ్రేమ్‌వర్కు గూడ కూలును. చెక్ అను ఫ్రేమ్‌వర్కు యూనిక్స్‌లోని ఫోర్క్ అను సేవను వాడుకొని ప్రతి పరీక్షను వేరు ప్రాసెసుగా చీల్చి నడపును. బిడ్డ ప్రాసెసు మరణించినను తల్లి ప్రాసెసు ఆ మరణమును ఒక ఓటమిగా వ్రాసికొని తరువాతి పరీక్షకు పోవును.

ఇక ప్రాజెక్టులో ఈ పరీక్షలను నెలకొల్పు విధము. ఒక ప్రోగ్రాములో ప్రధాన ఫంక్షను ఒక్కటే ఉండవలెను. అసలు ప్రోగ్రామునకు ఒకటి, పరీక్షలకు ఒకటి కావలసియున్నవి. కాబట్టి ప్రధాన ఫంక్షను తప్ప తక్కినదంతయు ఒక లైబ్రరీగా వేరుచేసి, దానికి ఇరుప్రక్కల రెండు చిన్న ప్రోగ్రాములను, ఒకటి లోకమునకై, ఒకటి పరీక్షకై, నిలుపవలెను. పరీక్షాప్రోగ్రాము అన్నియు నెగ్గినచో సున్నను, లేనిచో మరియొక సంఖ్యను ముగింపుసంకేతముగా తిరిగి ఇచ్చును. స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ప్రయోగశాలలలో వ్రాసిన మేక్ అను సాధనము ఆ సంఖ్యను చూచియే ఆగవలెనో సాగవలెనో నిర్ణయించును. మేక్ చెక్ అని ఆజ్ఞాపించుట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లోకమున సంప్రదాయమై, పిమ్మట సీమేక్ అను సాధనముతో వచ్చు సీటెస్ట్ గూడ ఆ సంఖ్యనే నమ్మినది. ఎంత గొప్ప ఫ్రేమ్‌వర్కైనను తుదకు చెప్పునది ఆ ఒక్క అంకె. లైబ్రరీగా విడదీయుటయే ఈ ఏర్పాటులోని నిజమైన లాభమని నేననుకొందును. విడదీయజాలని ప్రోగ్రాము పరీక్షకు మాత్రమే కాదు, మార్పునకును లొంగదు.

2008లో గూగుల్ సంస్థ తన యింటివాడుకకై చేసికొన్న గూగుల్ టెస్టును బయటివారికి విడుదల చేసెను. 2010లో ఫిల్ నాష్ క్యాచ్ అను ఫ్రేమ్‌వర్కును వెలువరించెను. అంతవరకు సమానమా, పెద్దదా, చిన్నదా అని ఒక్కొక్క పోలికకు ఒక్కొక్క మాక్రో ఉండెడిది. క్యాచ్‌లో సామాన్యమైన సి ప్లస్ ప్లస్ షరతును వ్రాసినచో చాలును, ఓడినప్పుడు దానికి ఇరువైపుల నున్న విలువలను విప్పి చూపును. అంతకంటె ముఖ్యము, అది ఒక్క హెడరు ఫైలు. కట్టుట, స్థాపించుట అను పీడ లేక, ఆ ఫైలును తెచ్చి సంచయమున నుంచుకొన్నచో మొదటి పరీక్ష అయిదు నిమిషములలో నడచును. కాని ఆ ఒక్క ఫైలు వేలకొలది పంక్తులకు పెరిగి, దానిని చేర్చుకొన్న ప్రతి పరీక్షాఫైలును కంపైలరు నెమ్మదిగా నమలసాగెను. ఈ ఆలస్యమునే లక్ష్యముగా చేసికొని 2016లో డాక్‌టెస్ట్ వచ్చినది. 2022లో క్యాచ్ గూడ తన మూడవ రూపమున ఒక్క హెడరు పద్ధతిని విడిచి మామూలు లైబ్రరీగా మారినది. నెలకొల్పు శ్రమను తగ్గించినచో వేచియుండు శ్రమ పెరిగినది. సి ప్లస్ ప్లస్‌లో ఈ రెండింటిని ఒక్కసారి పోగొట్టు మార్గము ఇంకను దొరకలేదు.

దొరకునట్లున్నచో అది భాషానిర్మాతల చేతులలోనే. వాల్టర్ బ్రైట్ తన డి భాషలో యూనిట్‌టెస్ట్ అను మాటను వ్యాకరణమునందే చేర్చెను. 2009లో వెలువడిన గో భాషలో ఫైలు పేరు చివర టెస్ట్ అని ఉన్నచో చాలును, గో టెస్ట్ అను ఆజ్ఞ దానిని గుర్తించును. 2015లో స్థిరరూపము పొందిన రస్ట్‌లో ఫంక్షనుపై ఒక చిన్న గుర్తు నిలిపినచో, కార్గో అను సాధనము పరీక్షాప్రోగ్రామును తానే కట్టి నడపును. నేడు క్రొత్త లైబ్రరీ కావలెనని దానిని అడిగినచో, రెండును రెండును కూడిన నాలుగగునని తేల్చు ఒక పరీక్షను ముందే వ్రాసి ఇచ్చును. ఇవన్నియు కంపైలు భాషలే. లోపము కంపైలు చేయుటలో లేదు, పరీక్షను కంపైలరుకు పరాయిదిగా చూచుటలో ఉండెనని వీనివలన తేలినది.

సి, సి ప్లస్ ప్లస్ ప్రమాణములలో ఈనాటికిని అట్టి ఏర్పాటు లేదు. ఆ భాషలలో క్రొత్త ప్రాజెక్టు మొదలుపెట్టు మన యువకులకును యువతులకును నా విన్నపమొక్కటే. రెండవ ఫైలును చేర్చకముందే ప్రధాన ఫంక్షనును వేరుచేసి, పరీక్షాప్రోగ్రాము నొకదానిని కట్టుకొనుడు. అందులోని మొదటి పరీక్షను కావలెనని ఓడునట్లు వ్రాసి, ఎరుపు కనబడినదని కన్నులార చూచుకొని, తరువాతనే దానిని పచ్చబరచి పనిలోనికి దిగుడు.